అమ్మ మీద చిన్న పుస్తకం వేసుకోవాలంటే: ఒక టీచరమ్మ కూతురి అనుభవం

మా అమ్మ పోయిన నాలుగో రోజు మా తమ్ముడు ఫ్లెక్సీ చేయించడానికి కావలిలో ఒక షాపుకి బయల్దేరితే నేనూ వెంట పోయాను. షాపతను కంప్యూటర్లో రెడీగా ఉన్న డిజైన్ తెరిచాడు. పైన రెండు పావురాలు, మధ్యలో గుండ్రంగా ఖాళీ, కింద 'త్యాగమూర్తి, అనురాగ దేవత, ఆదర్శ ఉపాధ్యాయిని'. "మూడోది మారుతుంది మేడమ్. ఇంట్లో ఉండేవాళ్ళయితే ఆదర్శ గృహిణి అని పెడతాం" అన్నాడు. గుండ్రటి ఖాళీలోకి ఓటరు కార్డు కోసం తీయించుకున్న అమ్మ ఫోటో వచ్చి కూర్చుంది. ఐదు నిమిషాల్లో పని అయిపోయింది.

ఆ మూడు మాటలూ ఎవరి అమ్మకైనా అతుకుతాయి. మా అమ్మది ఎడమచేతి వాటం. నల్లబల్ల మీద ఎడమ చేత్తో రాసేది, పిల్లల పలక మీద అక్షరం దిద్దించేటప్పుడు మాత్రం కుడి చేతికి మార్చేది. ఈ సంగతి ఫ్లెక్సీలో పట్టదు. అందుకని సంవత్సరీకానికల్లా ఒక చిన్న పుస్తకం వెయ్యాలనుకున్నాను. వేశాను. నలభై ఎనిమిది పేజీలు, మూడొందల కాపీలు. నేను రచయిత్రిని కాను. ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమాస్తాని, కాగితాలు వెతకడం ఒక్కటే నాకు బాగా వచ్చిన పని. ఈ పనికి అదే ఎక్కువ అక్కరకొచ్చింది. మీరూ మీ అమ్మ గురించో, మీకు చదువు చెప్పిన టీచరు గురించో ఇలాంటిది చెయ్యాలనుకుంటే, నేను చేసిన పద్ధతీ, చేసిన తప్పులూ చెబుతాను.

ముందు పారెయ్యకుండా ఆగండి

మన ఇళ్ళల్లో పెద్దకర్మ అయ్యేలోపే సగం సామాను వెళ్ళిపోతుంది. చీరలు చుట్టాలు పట్టుకుపోతారు, కాగితాలు పాత పేపర్ల అతని తక్కెడలోకి పోతాయి, "ఇంకెందుకివి" అని ఎవరో ఒకరు పెట్టె ఖాళీ చేస్తారు. చీరల సంగతి మీ ఇష్టం. కాగితం అన్నది మాత్రం ఒక్కటి కూడా ఏడాది దాకా గడప దాటనివ్వకండి. వాళ్ళకి చదువు రాని భాషలో ఉన్నా, చినిగినా, కరెంటు బిల్లయినా సరే.

నేను మూడు చోట్ల ఉన్నవి ఉన్నట్టు ఉంచేశాను: అమ్మ రేకు పెట్టె, హ్యాండ్‌బ్యాగు, వంటింట్లో పోపుల డబ్బా వెనక ఉండే పద్దుల పుస్తకాలు. హ్యాండ్‌బ్యాగు ఖాళీ చేసే ముందు, లోపల ఏది ఎక్కడుందో కనిపించేట్టు ఫోనుతో ఫోటో తీసుకోండి. ఒకసారి టేబుల్ మీద గుమ్మరించాక అది ఉత్త సామాను కుప్ప.

అన్నిట్లోకీ నాకు ఎక్కువ పనికొచ్చింది పద్దుల పుస్తకం. 1984 జూన్ పేజీలో పాలు, కిరసనాయిలు, పాప యూనిఫాం గుడ్డ వరసన 'చాక్‌పీసులు 2 డబ్బాలు' అని ఉంది. జూలైలో మళ్ళీ ఉంది. బడికి చాక్‌పీసులు మా ఇంటి పాల డబ్బులతో పాటే వెళ్ళేవని నాకు పదకొండేళ్ళప్పుడు తెలియలేదు, యాభై ఏళ్ళకి తెలిసింది. ఆ పేజీని ఉన్నదున్నట్టు పుస్తకంలో వేశాను. దాని కింద ఏమీ రాయలేదు.

సర్వీసు రిజిస్టరు చదవడం నేర్చుకోండి

ప్రభుత్వ టీచరుగా చేసినవాళ్ళెవరికైనా ఎస్ఆర్, అంటే ఉద్యోగం వివరాలన్నీ నమోదయ్యే సర్వీసు రిజిస్టరు, ఉంటుంది. అసలుది ఆఫీసులో ఉంటుంది, కానీ ముందుచూపు ఉన్న టీచర్లు డూప్లికేట్ ఒకటి రాయించి ఇంట్లో పెట్టుకునేవాళ్ళు. రేకు పెట్టె అడుగున, పెళ్ళి చీర కింద ఉంటుంది చూడండి. మా అమ్మది అక్కడే దొరికింది. దొరక్కపోతే చివరగా పనిచేసిన మండలంలో విద్యాధికారి ఆఫీసులో అడగొచ్చు, కానీ దానికి ఓపిక కావాలి. రిటైరైన కాగితాలు, ఇంక్రిమెంటు ఉత్తర్వులు, బదిలీ ఆర్డర్లు ఇంట్లో ఉంటే వాటితోనే ముప్పావు వంతు కథ అల్లుకోవచ్చు.

చూడ్డానికి అది ఉత్త అంకెల పుస్తకం. మొదటి పేజీలో పుట్టుమచ్చలుంటాయి. మా అమ్మకి కుడి మెడ కింద ఒక మచ్చ ఉందని నాకు తెలుసు. ఎడమ మోచేతి మీద ఇంకోటి ఉందని, 1967లో ఎవరో గుమాస్తా చూసి రాసుకున్నాడు. నేను యాభై ఏళ్ళు ఆ చేతి పక్కనే తిరిగి చూడలేదు.

ఆ తరవాత పుట్టిన తేదీ. 1-7-1946 అని ఉంది. దీన్ని నమ్మకండి. ఆ కాలంలో బళ్ళో చేర్చుకునే రోజున అయ్యవారు పిల్లని ఎగాదిగా చూసి, వయసు అంచనా వేసి, జూన్‌లోనో జూలైలోనో ఒక తేదీ పడేసేవారు. మా అమ్మ కూడా టీచరయ్యాక అదే పని చేసింది. మా చిన్నమ్మ లెక్క ప్రకారం అమ్మ పుట్టింది కార్తీకంలో, వానలకి చెరువు కట్ట తెగిన ఏడాది. అందుకని పుస్తకంలో రెండూ వేశాను: 'రికార్డు ప్రకారం' ఒకటి, 'చిన్నమ్మ చెప్పిన ప్రకారం' ఒకటి. రికార్డు తేదీ అబద్ధమే అయినా దాని ఫలితం నిజం. నెల ఒకటో తేదీన పుట్టినట్టు రాసుంటే ముందు నెల ఆఖరి రోజునే రిటైర్ చేస్తారు. యాభై ఎనిమిదేళ్ళ లెక్కన మా అమ్మ 2004 జూన్ 30న దిగిపోయింది. కొత్త పిల్లలు చేరే జూలై నెల ఒకటి ఆమెకి తగ్గింది. అది ఆమె చాలాసార్లు అనేది.

బదిలీలు వరసగా ఒక కాగితం మీద రాసుకోండి. ఎడమ పక్క ఏడాది, పక్కన ఊరు, దాని పక్కన ఆ ఏడాది ఇంట్లో ఏం జరిగిందో. ప్రసూతి సెలవు ఎప్పుడు మొదలైందో చూసుకుంటే నేను పుట్టడానికి రెండు రోజుల ముందు దాకా అమ్మ బడికి పోయినట్టు తేలింది.

ఇక అసలు సంగతి. 1984లో ఒక ఎంట్రీ ఉంది: ఒక ఇంక్రిమెంటు ఏడాది పాటు నిలుపుదల. కారణం, అనుమతి లేకుండా బడి మూసి వెళ్ళడం. నాకు గుండె ఝల్లుమంది. మా అమ్మకి శిక్షా? ఒక్కరోజు కూడా సెలవు పెట్టదని నేను ఆమె మీద పోట్లాడేదాన్నే! చిన్నమ్మకి ఫోన్ చేశాను. "నీకు టైఫాయిడ్ వచ్చింది కదమ్మా, 83లో" అంది. అప్పుడు అమ్మది ఏకోపాధ్యాయ పాఠశాల, కలిగిరి దాటి లోపలికి పోవాలి. నాకు జ్వరం ఎక్కువైందని నాయన బస్సు కండక్టరు చేత కబురు పంపాడు. అమ్మ పిల్లల్ని ఇళ్ళకి పంపి, బడికి తాళం వేసి, చెవి ఎదురింట్లో ఇచ్చి, అదే బస్సు తిరుగు ట్రిప్పులో కావలి వచ్చేసింది. ఆ మధ్యాహ్నమే తనిఖీకి వచ్చారు. సెలవు చీటీ ఎవరి చేతికి ఇవ్వాలి? బళ్ళో ఉన్నది ఆమె ఒక్కతే.

ఆ ఇంక్రిమెంటు గురించి అమ్మ నాకు చనిపోయే దాకా చెప్పలేదు. ఎస్ఆర్‌లో సెలవుల పేజీ, శిక్షల పేజీ దాటేయకండి అని ఇంత పొడుగ్గా చెప్పింది ఇందుకే.

అడిగే పద్ధతి

పెద్దవాళ్ళతో మొదలుపెట్టండి, వయసు వరసలో. పుస్తకం ఎప్పుడు రాసినా రాయొచ్చు, ఎనభై రెండేళ్ళ మనిషి మాత్రం మనకోసం ఆగడు. మా పెద్దమ్మ దగ్గరికి సంక్రాంతి వెళ్ళాక పోదాంలే అనుకున్నాను, అప్పటికి ఆమెకి మాట పడిపోయింది. అమ్మ చిన్నతనంలో సగం అక్కడ ఆగిపోయింది.

'మా అమ్మ గురించి చెప్పండి' అని మాత్రం అడక్కండి. నేను మొదటి పది మందిని అలాగే అడిగాను. పది మందీ "దేవత లాంటి మనిషమ్మా" అన్నారు, కళ్ళు తుడుచుకున్నారు, టీ ఇచ్చారు. రికార్డింగు ఇంటికొచ్చి విన్నాను, రాసుకోడానికి ఒక్క ముక్క లేదు. తప్పు వాళ్ళది కాదు. కూతురొచ్చి అడిగితే ఎవరైనా అదే అంటారు.

పదకొండో మనిషి దగ్గర మార్చాను. ఆయనిప్పుడు కలిగిరిలో ఆటో నడుపుతాడు. "కుర్చీ ఏ పక్క ఉండేది? బెత్తం ఉండేదా? మిమ్మల్ని ఎప్పుడైనా కొట్టిందా?" అని అడిగాను. ఆయన ముందు నవ్వాడు, తరవాత చుట్టూ చూశాడు, తరవాత చెప్పాడు. "బెత్తం లేదక్కా. తొడపాశం. ఎడమచేత్తో పెట్టేది, అందుకని మేం ఎప్పుడూ కుడి పక్కకి పోయి నిలబడే వాళ్ళం. అయినా పెట్టేది." అక్కణ్ణించి ఆగలేదు. గోడకుర్చీ వేయించడం, ఎక్కాలు వెనకనుంచి ముందుకి చెప్పించడం, గోధుమరవ్వ ఉప్మా వడ్డించేటప్పుడు రెండోసారి అడగడానికి సిగ్గుపడే పిల్లల్ని కనిపెట్టి మళ్ళీ వడ్డించడం, చింతపిక్కలతో కూడికలు, చింతపిక్క ముక్కులో ఇరుక్కున్న పిల్లాణ్ణి సైకిలు మీద ఆసుపత్రికి పంపడం. ఆ పిల్లాడు ఈయనే.

వస్తువుల గురించీ చోట్ల గురించీ అడగండి, మనిషి వాటి వెనకే వస్తుంది. నాకు పనిచేసిన ప్రశ్నలు: గంట దేనితో చేసింది? (రైలు పట్టా ముక్క.) వాన పడితే ఎక్కడ కూర్చునేవాళ్ళు? బస్సు రాకపోతే టీచరమ్మ ఏం చేసేది? ఆమె ఎప్పుడైనా ఏడవడం చూశారా? మీకు ఆమె మీద కోపం ఉందా? ఆఖరిది అడగడానికి ధైర్యం కావాలి. ఒకామె, "ఉంది" అంది. తనని ఐదో తరగతిలో బడి మాన్పించి పెళ్ళి చేస్తుంటే టీచరమ్మ వచ్చి అక్షింతలు వేసి భోంచేసి పోయిందట. "ఒక్క మాట అంటుందేమో అని చూశాను." ఆ మాట నేను పుస్తకంలో వేశాను. మా తమ్ముడు వద్దన్నాడు. ఆమె పేరు తీసేసి వేశాను, ఆమెకి చదివి వినిపించాకే వేశాను.

ఫోన్లో రికార్డు చేసేటప్పుడు ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. మధ్యలో కాల్ వస్తే కొన్ని ఫోన్లలో రికార్డింగు ఆగిపోతుంది, మనం గమనించం. ఫైలుకి ఆ రోజే పేరు, తేదీ పెట్టండి. ఆ రాత్రే ముఖ్యమైన ముక్కలు కాగితం మీద దించుకోండి. దించేటప్పుడు వాళ్ళ మాటల్ని పుస్తకం భాషలోకి మార్చకండి. "టీచరమ్మ మమ్మల్ని మందలించెడివారు" అని ఆటో నడిపే మనిషి అనడు.

పాత విద్యార్థులు దొరకడానికి ఊళ్ళో టీకొట్టు చాలు. నేను బడికి కూడా వెళ్ళాను. ఇప్పటి హెడ్‌మాస్టరు గారు అడ్మిషన్ రిజిస్టరు తెరిచి అమ్మ పనిచేసిన సంవత్సరాల పేర్లు చదివి వినిపించారు. అందులో కులం, తల్లిదండ్రుల వివరాలు ఉంటాయి కాబట్టి ఫోటోలు తీయలేదు. మీరూ తీయకండి. కానీ ఆ పేజీలు చూస్తే నవ్వొచ్చింది. అమ్మ ఎడమచేతి రాత వెనక్కి వాలి ఉంటుంది. ఆ వాలు రాతలో, వరసగా ఎంతమంది పిల్లలు ఒకటో తేదీన పుట్టారో!

ఇంట్లో వాళ్ళని అడగడం దీనికన్నా కష్టం. నాయనకి చెవులు సరిగా వినపడవు, ప్రశ్నలంటే చిరాకు. ఆయన ముందు పాత ఫోటోలు ఒక్కొక్కటే పెట్టి ఊరుకున్నాను. మూడో రోజు తనంతట తనే, "జీతాల రోజు మలైకాజా తెచ్చేది. ఆ ఒక్క రోజు తను ముందు తినేది" అన్నాడు.

ఇంట్లో అమ్మని రాయడం

ఇక్కడ నేను ఇరుక్కుపోయాను, రెండు నెలలు.

టీచరు గురించి రాయడానికి ఊరంతా సాయం వచ్చింది. అమ్మ గురించి రాయాల్సింది నేనే. కూర్చుంటే కోపం వచ్చింది. ఊళ్ళో పిల్లాడికి ఏడెనిమిదులు నలభైసార్లు ఓపిగ్గా చెప్పిన మనిషి, ఇంట్లో నేను ఒక్కసారి తప్పు చెబితే గరిటె ఎత్తేది. సాయంత్రం బస్సు కోసం నేనూ తమ్ముడూ సందు చివర అరుగు మీద కూర్చునేవాళ్ళం. దిగాక ఆమె మొహంలో మాకోసం ఏమీ మిగిలుండేది కాదు. చీర కొంగులో చాక్‌పీసు పొడి వాసన, అంతే.

నాకు పనిచేసిన ఉపాయం ఇది. వేరే నోటుబుక్కు తీసి, ఎవరికీ చూపించనని ఒట్టు పెట్టుకుని, కోపం మొత్తం రాసేయండి. నాకు పన్నెండు పేజీలు వచ్చింది. వారం ఆగి చదివితే అందులో ఒకటిన్నర పేజీ పుస్తకంలో వెయ్యదగ్గదని అనిపించింది. మిగతాది నా దగ్గరే ఉంది. ఆ పన్నెండు పేజీలు రాయకుండా నేరుగా పుస్తకం రాసుంటే మళ్ళీ పావురాల ఫ్లెక్సీయే తయారయ్యేది.

తరవాత ఒక మామూలు రోజు పట్టుకోండి. పండగ కాదు, పెళ్ళి కాదు. నేను 1985లో ఒక మంగళవారం అనుకున్నాను. నాలుగున్నరకి లేవడం దగ్గర్నుంచి రాత్రి పడుకునే దాకా గంట గంటకీ ఏం చేసిందో రాశాను. పొయ్యి, అన్నం కారియరు, మా ఇద్దరి జడ ఒకటి, క్రాపు ఒకటి, ఏడుంపావు బస్సు, గంటపైన ప్రయాణం, దిగాక నడక, బడి, మళ్ళీ నడక, బస్సు, మార్కెట్లో వంకాయలు, వంట, పరీక్ష పేపర్లు, అవ్వకి కాళ్ళు పట్టడం. గుర్తులేని గంటల్ని ఖాళీగా వదిలి చిన్నమ్మనీ తమ్ముణ్ణీ అడిగి నింపాను. ఆ అధ్యాయానికి నాలుగు పేజీలు పట్టింది. అందులో ఒక్కచోట కూడా 'కష్టం' అనే మాట లేదు. చదివినవాళ్ళలో ఎక్కువమంది ఫోన్ చేసింది దాని గురించే.

ఊరి చరిత్రలో అమ్మని ఎక్కడ నిలబెట్టాలి

అమ్మ జీవితానికి పక్కన దేశకాలం కొంచెం ఉండాలి, లేకపోతే మనవళ్ళకి అర్థం కాదు. మా పిల్లలకి 'సమితి బడి' అంటే తెలియదు. 1985లో మండలాలు రాకముందు పంచాయతీ సమితులుండేవనీ, అమ్మ మొదటి ఉద్యోగం సమితి ఎలిమెంటరీ స్కూల్లో అనీ రెండు వాక్యాలు చాలు. 2003లో బళ్ళో మధ్యాహ్న భోజనం వండి పెట్టడం మొదలైనప్పుడు అమ్మకి ఇక ఏడాదిన్నర సర్వీసు ఉంది. జనాభా లెక్కలు, ఎన్నికల డ్యూటీలు, పల్స్ పోలియో ఇవన్నీ టీచర్ల నెత్తినే కదా. వాటిని కూడా తలా ఒక వాక్యంలో దాటేశాను.

ఒక చోట మాత్రం జాగ్రత్త పడాల్సొచ్చింది. 1990-91లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రిబళ్ళలో ఆడవాళ్ళు చదువుకున్నారు, చదువుకున్న పాఠాల్లో సారా గురించి మాట్లాడుకున్నారు, 1992లో దూబగుంట ఆడవాళ్ళు తమ ఊళ్ళోకి సారా రానివ్వబోమని అడ్డం తిరిగారు. వాళ్ళకి ముందు నిలబడిన రోశమ్మ గారి పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. దూబగుంట ఉండేది కలిగిరి మండలంలోనే. మా అమ్మ ఆ చుట్టుపక్కలే పనిచేసింది, రాత్రిబళ్ళకి పోయింది. తమ్ముడు రాసిన చిత్తుప్రతిలో 'సారా ఉద్యమానికి ఊపిరి పోసిన వీరవనిత' అయిపోయింది!

నేను విచారించాను. అమ్మ చేసిందేమంటే, వారంలో మూడు రాత్రులు పెట్రోమాక్స్ లైటు కింద పదిహేను మంది ఆడవాళ్ళకి అక్షరాలు దిద్దించింది. ఆ రాత్రులు ఊళ్ళోనే ఎవరింట్లోనో పడుకునేది. దూబగుంటకి వెళ్ళిందని ఎవరూ చెప్పలేదు. ఆ మూడు రాత్రులూ కావలిలో వంట చేసింది నేను, ఇంటర్ చదువుతూ. అదే రాశాను. మీ అమ్మ బతికిన చోట ఏదైనా పెద్ద సంగతి జరిగి ఉంటే, ఆమె దాంట్లో ఎంత దూరం వెళ్ళిందో అంతే రాయండి. ఆ ఊళ్ళో వాళ్ళు ఇంకా ఉన్నారు, చదువుతారు.

రాసేటప్పుడు

విశేషణం కనపడిన చోటల్లా దాని కింద గీత గీసి, 'ఎప్పుడు?' అని రాసుకోండి. తమ్ముడు 'విద్యార్థులను కన్నబిడ్డల్లా చూసుకునేది' అని రాశాడు. ఎప్పుడు? అని అడిగాను. కాసేపు ఆలోచించి, "వేసవిలో పేలు చూసేది కదా, బడి ముందు కానుగచెట్టు కింద కూర్చోబెట్టి" అన్నాడు. ఆ వాక్యం వేశాం. నిజానికి మాకు పేలు చూసింది అవ్వ.

అమ్మ మాటలు కొన్ని ఆమె అన్నట్టే వెయ్యండి. సామెతలు, తిట్లు కూడా. ఆమె అస్తమానం అనే మాట "తెలిసిందా, తెలిసినట్టుందా?" ఆ ఒక్క మాట వినగానే ఇప్పటికీ నాకు వీపు నిటారవుతుంది.

ఏం వదిలెయ్యాలి? బతికున్నవాళ్ళ అప్పులు, పెళ్ళిళ్ళ గొడవలు, రోగాల పేర్లు. అమ్మ ఆఖరి మూడు నెలల గురించి నేను ఒకే పేరా రాశాను. ఆసుపత్రిలో మమ్మల్ని సరిగా చూసుకోలేదన్న బాధ ఉంది, దాన్ని రాసి తీసేశాను. డెబ్బై ఐదేళ్ళ మనిషి పుస్తకంలో ఆ మూడు నెలలు సగం పేజీలు తినేస్తున్నాయి.

ఫోటోలు

ఫోటోల దగ్గర మీకు ఒక నిరాశ తప్పదు. టీచర్ల ఫోటోలన్నీ శాలువాతో ఉంటాయి. పదవీ విరమణ సభ, టీచర్స్ డే, గ్రూప్ ఫోటో. పాఠం చెబుతున్న ఫోటో మా అమ్మది ఒక్కటి లేదు. దాని బదులు, ముగ్గురు పాత విద్యార్థుల్ని అడిగి తరగతి గది పటం గీయించాను. తలుపు ఎటు ఉందో ఒకరి మాటకి ఒకరిది పొంతన లేదు. మూడు పటాలూ పక్కపక్కన వేశాను.

ఆల్బమ్‌లో అతుక్కుపోయిన ఫోటోని లాగకండి, పేజీతో సహా స్కాన్ చెయ్యండి. ఫ్రేము అద్దానికి అంటుకున్నదైతే అద్దం మీదనుంచే. మామూలు సైజు ఫోటోకి 300 డీపీఐ చాలు, పాస్‌పోర్టు సైజు బొమ్మల్ని పెద్దగా వెయ్యాలంటే 600 పెట్టమనండి. స్కానర్ లేకపోతే కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా, ఫోనుని నిటారుగా పట్టుకుని తీయండి. వెనక పేర్లు రాయాలంటే మెత్తటి పెన్సిల్‌తో రాయండి, బాల్‌పెన్ను గీత ముందుకి ఉబ్బుతుంది. వాట్సాప్‌లో పంపిన ఫోటో ప్రెస్సుకి పనికిరాదు. అది సైజు కుదించేస్తుంది. డాక్యుమెంటుగా పంపమనండి, లేదా పెన్‌డ్రైవ్‌లో వేసి ఇవ్వండి.

ప్రెస్సు

నేను మొత్తం ఫోన్లో టైపు చేశాను, అంటే యూనికోడ్. డీటీపీ సెంటర్లో వాడేది పేజ్‌మేకరు సాఫ్ట్‌వేరూ, యూనికోడ్ కాని 'అను' అనే తెలుగు ఫాంట్లూ. నేరుగా అతికిస్తే పిచ్చి గీతలొచ్చాయి. కన్వర్ట్ చేస్తే చాలావరకు వచ్చింది కానీ, కొన్ని చోట్ల వత్తులు ఎగిరిపోయాయి. అందుకని కన్వర్ట్ చేశాక మళ్ళీ మొదటినుంచీ ప్రూఫు చూడాల్సిందే. ఒకరు గట్టిగా చదవాలి, ఇంకొకరు కాగితం మీద దిద్దాలి. టీచరమ్మ పుస్తకంలో అచ్చుతప్పులుంటే ఆమె పిల్లలు ఊరుకోరు.

సైజు వన్ బై ఎయిట్ డెమీ పెట్టించండి, చేతిలో ఇముడుతుంది. లోపల డెబ్బై జీఎస్ఎం మ్యాప్‌లిథో కాగితం. పేజీలు పదహారు గుణిజంలో ఉంటే కాగితం వృథా కాదు, అందుకే నాది నలభై ఎనిమిది. ఆ మందానికి సెంటర్ పిన్ చాలు. వంద కాపీలకి లోపు కావాలంటే డిజిటల్ ప్రింటు చవక, మూడొందలంటే ఆఫ్‌సెట్. ఫోటోలన్నీ ఒకేచోట నాలుగు పేజీల్లో పెడితే ఆ నాలుగింటికే ఆర్ట్ పేపర్ వేసుకోవచ్చు.

గడువు విషయంలో నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి. అమ్మ పోయింది 2022 ఫిబ్రవరిలో. ప్రెస్సు వాళ్ళకి ఇంగ్లీషు తేదీ చెప్పాను. సంవత్సరీకం తిథి ప్రకారం కదా, మధ్యలో అధిక మాసం రాలేదు కాబట్టి పదకొండు రోజులు ముందుకొచ్చింది. పంతులు గారు చెప్పేదాకా నాకు తట్టలేదు. కాపీలు తద్దినం నాటి పొద్దున ఆటోలో వచ్చాయి, ఇంకు వాసనతో. వంట పొయ్యిల పక్కన కట్టలు విప్పాం.

ఎవరికి ఇవ్వాలి? చుట్టాలకి ఇవ్వండి, కానీ సగం పక్కన పెట్టండి. ఆమె పనిచేసిన ప్రతి ఊళ్ళో బడికి రెండు, దగ్గర్లోని శాఖా గ్రంథాలయానికి ఒకటి, మాట్లాడిన ప్రతి మనిషికీ ఒకటి చేతికి ఇవ్వండి. పోస్టులో పంపకండి. చేతికిస్తే అక్కడే నిలబడి తమ పేజీ వెతుక్కుంటారు, ఇంకో రెండు సంగతులు చెబుతారు.

చివర్లో రెండు పేజీలు ఖాళీగా వదిలి, పైన 'మీకు గుర్తున్నది ఇక్కడ రాసి నాకు పంపండి' అని వేశాను. ఇది నా ఆలోచన కాదు, డీటీపీ అబ్బాయిది. పేజీలు పదహారుకి సరిపోక రెండు మిగిలితే "ఏదో ఒకటి వేద్దాం మేడమ్" అన్నాడు. ఇప్పటికి పద్నాలుగు వచ్చాయి. కొన్ని ఫోటో తీసి పంపారు, కొన్ని చించి కవరులో పెట్టారు. రెండు మళ్ళీ 'దేవత' అన్నాయి. ఒకాయన నా అచ్చుతప్పులు తొమ్మిది ఎర్ర సిరాతో దిద్ది పంపాడు.

మొన్న వచ్చినది ఒకామె రాసింది. బడి ఎదురింటి పిల్లనని చెప్పుకుంది. "తాళం చెవి మా ఇంట్లోనే ఇచ్చింది టీచరమ్మ. తనిఖీకి వచ్చిన సారు మా అరుగు మీదే కూర్చుని మజ్జిగ తాగాడు. టీచరు ఏది అంటే మా అమ్మ, బిడ్డకి బాగలేదు సారూ పోయింది అని చెప్పింది. ఆయన రాసుకున్నాడు. మంచి మాటే చెప్పామనుకున్నాం. మరుసటి వారం టీచరమ్మ వచ్చి, అడిగితే ఏం చెప్పారని మమ్మల్ని ఒక్క మాట కూడా అడగలేదు. నా పలక మీద ఆ రోజు పాఠం సగంలో ఆగింది, అక్కణ్ణించే మొదలుపెట్టింది."

కింద ఫోన్ నంబరు ఉంది. రెండో ముద్రణకి ఇంకో యాభై కాపీలు అడుగుతున్నారు. ఆమెతో మాట్లాడి, ఆ పాఠం ఏదో కనుక్కున్నాకే ప్రెస్సుకి ఇద్దామని ఆగాను.